సెమీ ఆటోమేటిక్ రైఫిల్: శుభ్రత, సంరక్షణ

ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేల్చి, ఆ పేలుడు బలంతోనే ఖాళీ కేసును బయటికి విసిరి, మ్యాగజైన్‌లోని తరువాతి తూటాను తానే ఛాంబర్‌లోకి ఎక్కించుకునే రైఫిల్‌ను సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అంటారు. భారత సైన్యం 1960ల నుంచి వాడిన 7.62 మి.మీ. ఎస్ఎల్ఆర్, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు మోసిన ఎం1 గారండ్, సోవియట్ ఎస్‌కేఎస్, అమెరికాలో పౌరులు విరివిగా కొనే ఏఆర్-15, చిన్న .22 బోర్ రూగర్ 10/22 ఈ కోవలోవే. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బోల్ట్ కాస్త బిగుసుకున్నా చేతి బలంతో లాగి పని నడిపించవచ్చు. సెమీ ఆటోమేటిక్‌లో ఆ చెయ్యి లేదు. బ్యారెల్ నుంచి పక్కకు మళ్లించిన కాస్త వాయువు వెనక్కి నెట్టాలి, ఒక స్ప్రింగ్ ముందుకు తేవాలి. ఆ బలం లెక్కగానే ఉంటుంది. మసి, ఎండిన నూనె, ఇసుక, తుప్పు ఆ లెక్కలోంచి కొంచెం కొంచెంగా తినేస్తాయి. ఒక దశలో బోల్ట్ సగం దూరం వెళ్లి ఆగిపోతుంది. దాన్నే జామ్ అంటారు.

కాబట్టి ఈ రకం తుపాకిని శుభ్రం చేయడం అంటే పైపైన మెరిపించడం కాదు. ఏ భాగంలో ఏ మురికి చేరుతుంది, అది ఏ ద్రవానికి కరుగుతుంది, ఎక్కడ నూనె ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నది తెలిసి చేయవలసిన పని. కొత్తగా నేర్చుకునేవారు శుభ్రం చేయకపోవడం వల్ల రైఫిల్ పాడవడం ఒక ఎత్తు. అతిగా తోమి, అతిగా నూనె పోసి పాడుచేయడం మరో ఎత్తు. రెండోదే ఎక్కువ జాగ్రత్త పడవలసిన విషయం, ఎందుకంటే అక్కడ చేసేవారికి తాము మంచే చేస్తున్నామన్న నమ్మకం ఉంటుంది.

తొలి పని: ఖాళీ చేయడం

తుపాకి తుడుస్తుండగా పేలి మనిషి పోయాడన్న వార్త తెలుగు పత్రికల్లో ఏటా ఏదో ఒక మూల కనిపిస్తూనే ఉంటుంది. అందులో సెమీ ఆటోమేటిక్ యంత్రానికి ఉన్న ఒక గుణం కూడా కారణం కాగలదు. మ్యాగజైన్ తీయకుండా బోల్ట్‌ను వెనక్కి లాగితే ఛాంబర్‌లోని తూటా బయట పడుతుంది, కళ్ల ముందే పడుతుంది కనుక ఇక ఖాళీ అయిందని మనసు తేల్చేసుకుంటుంది. కానీ బోల్ట్ వదిలిన క్షణాన మ్యాగజైన్‌లోని మరో తూటా లోపలికి ఎక్కి కూర్చుంటుంది. అందుకే వరుస మారకూడదు: మూతి మనుషులు లేని సురక్షితమైన వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి, ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తరువాతే బోల్ట్‌ను లాగి వెనక నిలపాలి. ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. చీకట్లో, అలసటలో కన్ను మోసపోతుంది. వేలు అంత తేలిగ్గా మోసపోదు.

గారండ్‌లో తీయడానికి విడి మ్యాగజైన్ ఉండదు. ఎనిమిది తూటాల క్లిప్ లోపలే ఉంటుంది కనుక దాన్ని బయటికి తీసి చూడాలి. ఆ రైఫిల్‌తో మరో చిక్కు ఉంది: తెరిచి ఉన్న బోల్ట్ కింద బొటనవేలు పెట్టి లోపల తడిమేటప్పుడు బోల్ట్ ఒక్కసారిగా మూసుకుని వేలిని నలిపేస్తుంది. అమెరికా సైన్యంలో ఎన్ని వేళ్లు నలిగాయో గానీ ‘ఎం1 థంబ్’ అని ఆ గాయానికి ఒక పేరే స్థిరపడింది. ఆపరేటింగ్ రాడ్ హ్యాండిల్‌ను అరచేతి అంచుతో వెనక్కి అదిమి పట్టుకుని మాత్రమే లోపలికి వేలు పెట్టాలి.

శుభ్రం చేసే బల్ల మీద తూటాలు ఉండకూడదు. వీలైతే అవి మరో గదిలో ఉండాలి. ఈ నియమం వినడానికి అతిగా అనిపించినా, పని మధ్యలో ఫోను మోగి లేచి వెళ్లి తిరిగొచ్చిన మనిషికి దాని విలువ తెలుస్తుంది. అలా తిరిగొచ్చినప్పుడు ఛాంబర్‌ను మళ్లీ మొదటి నుంచి చూడాలి.

నాలుగు రకాల మురికి

తూటా పేలినప్పుడు మిగిలేది ఒకే పదార్థం కాదు. మందు కాలాక మిగిలే మసి, బుల్లెట్ పైతొడుగు నుంచి రాలే రాగి, పూత లేని బుల్లెట్ల నుంచి రాలే సీసం, ప్రైమర్ నుంచి వచ్చే లవణాలు వేరువేరు చోట్ల పేరుకుంటాయి, వేరువేరు మందులకు లొంగుతాయి.

మసి మొదట మెత్తగా ఉంటుంది. తుపాకి వెచ్చగా ఉండగానే, లేదా ఆ సాయంత్రమే తుడిస్తే గుడ్డకే వచ్చేస్తుంది. రోజులు గడిచేకొద్దీ, ముఖ్యంగా పిస్టన్ తల మీదా బోల్ట్ తోక మీదా, అది రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు ద్రావకంలో నానబెట్టి నైలాన్ లేదా కంచు బ్రష్‌తో తోమాలి గానీ కత్తి మొనతో గీకకూడదు. పిస్టన్ మీద పడిన గీత నుంచి వాయువు జారిపోతుంది.

రాగి బ్యారెల్ లోపలి గాళ్లలో పలచని పొరగా అంటుకుంటుంది. ఆధునిక రైఫిల్ బుల్లెట్ల పైతొడుగు ఎక్కువగా రాగి, కాస్త జింకు కలిసిన మిశ్రమం. అమ్మోనియా ఉన్న ద్రావకం దాన్ని కరిగిస్తుంది. బయటికొచ్చిన గుడ్డ ముక్క నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది. కొత్తవారిని బోల్తా కొట్టించే చోటు ఇదే. కంచు బ్రష్‌లోనూ రాగి ఉంది. ఆ బ్రష్‌ను ఇదే ద్రావకంలో ముంచి తోమితే బ్యారెల్ ఎంత శుభ్రంగా ఉన్నా గుడ్డ నీలంగానే వస్తుంది, ఇంకా మురికి ఉందనుకుని గంటల తరబడి తోముతూనే ఉంటారు. రాగి తీసేటప్పుడు నైలాన్ బ్రష్ వాడాలి. అమ్మోనియా ద్రావకాన్ని సీసా మీద చెప్పిన సమయం కంటే ఎక్కువ సేపు బ్యారెల్‌లో వదలకూడదు. నిజానికి సైనిక రైఫిళ్లలో రాగి పలచగా ఉన్నంత మాత్రాన ఏ నష్టమూ లేదు. గురి చెదరడం మొదలైనప్పుడు దాని గురించి ఆలోచించవచ్చు.

సీసం బాధ ఎక్కువగా .22 రైఫిళ్లది. ఆ బుల్లెట్ల మీద పైతొడుగు ఉండదు. సీసానికి మైనమో గ్రీజో పూస్తారు. రూగర్ 10/22 వంటి వాటిలో వాయు పిస్టన్ కూడా లేదు. పేలుడు ఒత్తిడి ఖాళీ కేసును వెనక్కి నెట్టి, దాంతో బోల్ట్‌నూ నెడుతుంది. అందువల్ల మైనం, మసి, కాలని మందు రవ్వలు కలిసిన జిడ్డు బ్యారెల్‌లో కంటే బోల్ట్ ఇంట్లోనే ఎక్కువ చేరుతుంది. ఇలాంటి రైఫిల్‌కు బ్యారెల్ తోమడం తగ్గించి బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింది సందు, ఛాంబర్ అంచు తరచుగా తుడవడం మేలు. 1964 నుంచి తయారవుతున్న ఈ రైఫిల్ రిసీవర్ వెనక వైపు మూసి ఉంటుంది. రాడ్‌ను వెనక నుంచి దూర్చలేరు కనుక మూతి వైపు నుంచే చేయాలి, లేదా ఛాంబర్ వైపు నుంచి లాగే తాడు వాడాలి.

ఉప్పు కథ

మురికి రకాల్లో నాలుగోదైన లవణానికి చరిత్రలో పెద్ద చోటుంది. తుపాకి మందు అంటే పూర్వం సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు. అది కాలితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. బ్యారెల్ లోపల చేరిన ఆ మష్టు వల్ల కొన్ని గుళ్లు పేల్చాక కొత్త గుండు దిగడమే కష్టమయ్యేది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలకు కొవ్వు పూయడంలో ఉద్దేశం అదే: గుండు జారుగా దిగాలి, లోపలి మష్టు మెత్తబడాలి. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న అనుమానం 1857లో సిపాయిల తిరుగుబాటుకు తక్షణ కారణాల్లో ఒకటైంది. రైఫిల్‌లోని మురికి చరిత్ర మీద ఇంత ప్రభావం చూపిన సందర్భం మరొకటి లేదనే చెప్పాలి.

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెయ్ పొగరాని మందు తయారు చేశాక మష్టు బాగా తగ్గింది. కానీ ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ మిగిలిపోయింది. అది పేలితే పొటాషియం క్లోరైడ్ అవుతుంది. కూరలో వేసే ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు. ఎంత మంచి తుపాకి నూనె పూసినా దాని కింద లవణం అలాగే కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. దానికి మందు నీళ్లే. లీ-ఎన్‌ఫీల్డ్ కాలపు బ్రిటిష్, భారత సిపాయిలు ఛాంబర్‌లో గరాటు పెట్టి సలసల కాగే నీళ్లు బ్యారెల్ గుండా పోసేవారు. వేడికి ఉక్కు కూడా వేడెక్కి తడి తనంతట తానే ఆరిపోయేది, ఆ తరువాత గుడ్డతో తుడిచి నూనె రాసేవారు. రైఫిల్ బట్‌లోని చిన్న అరలో ఇత్తడి నూనె సీసా, పుల్‌త్రూ ఉండేవి. పుల్‌త్రూ అంటే ఒక కొసన ఇత్తడి బరువు, మరో కొసన గుడ్డ దూర్చే ఉచ్చు ఉన్న తాడు. శుభ్రం చేసే గుడ్డ 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. నూనె రాసే గుడ్డ వెడల్పు మాత్రం అంగుళంన్నర. ఎన్‌సీసీ శిబిరాల్లో రైఫిల్ పట్టిన తెలుగు విద్యార్థులకు ఆ ముక్క ‘చిందీ’గా పరిచయం. బట్టపేలికకు హిందీ మాట అది.

1950ల తొలినాళ్ల నుంచి అమెరికా సైనిక తూటాలు తుప్పు పట్టించని ప్రైమర్లకు మారాయి. ఇప్పుడు దుకాణంలో కొనే కొత్త తూటాలకు ఈ బాధ లేదు. అయితే సోవియట్, తూర్పు యూరప్ దేశాల పాత సైనిక నిల్వల్లోని తూటాలు చాలావరకు పాత తరహావే. ఎస్‌కేఎస్‌లో వాటిని కాల్చినవారు ఆ రోజే వేడి నీళ్లతో బ్యారెల్, ఛాంబర్, గ్యాస్ గొట్టం, పిస్టన్, బోల్ట్ ముఖం కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తరువాత నూనె రాయాలి. వాయువు తాకిన ప్రతి చోటా ఉప్పు ఉంటుంది. బ్యారెల్ ఒక్కటే కడిగి పిస్టన్‌ను మరిచిపోతే నెల తిరిగేలోగా అది గొట్టంలో బిగుసుకుపోతుంది.

వియత్నాం పాఠం

శుభ్రత లోపిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఎం16 కథ కంటే బలమైన ఉదాహరణ దొరకదు. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఆ యంత్రంలో విడిగా పిస్టన్ గొట్టం ఉండదు. బ్యారెల్ నుంచి సన్నని గొట్టం ద్వారా వచ్చిన వాయువు నేరుగా బోల్ట్ క్యారియర్ లోపలికే ప్రవేశిస్తుంది. తుపాకి తేలికవుతుంది, గురి బాగుంటుంది. అయితే మసి నేరుగా యంత్రం గుండెలోకి చేరుతుంది. పౌరుల ఏఆర్-15 కూడా ఇదే పద్ధతి.

1960ల మధ్యలో ఈ రైఫిల్ వియత్నాం చేరేటప్పటికి అనేక పొరపాట్లు ఒకచోట కూడాయి. పరీక్షల్లో వాడిన మందుకు బదులు బాల్ పౌడర్ అనే మరో రకం మందును తూటాల్లో నింపారు. అది ఎక్కువ మసి మిగిల్చింది, యంత్రం వేగాన్ని నిర్దేశించిన పరిమితి దాటించింది. తేమ నిండిన ఆ అడవుల్లో తుప్పు పట్టకుండా ఛాంబర్‌కు క్రోమియం పూత ఉండాల్సింది, వేయలేదు. పైగా ఇది పెద్దగా శుభ్రం చేయనక్కర్లేని రైఫిల్ అన్న ప్రచారం జరిగింది. చాలామంది సైనికులకు శుభ్రం చేసే సామగ్రి అందలేదు, శిక్షణా అందలేదు. ఖాళీ కేసు ఛాంబర్‌లో ఇరుక్కుపోయి, మూతి వైపు నుంచి రాడ్ పెట్టి పొడిచి తీయవలసి వచ్చేది. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు అలా చేయాల్సి రావడం ప్రాణాలు తీసింది. 1967లో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఇకార్డ్ ఉపసంఘం దీన్ని విచారించి సైనిక యంత్రాంగాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తరువాత ఛాంబర్‌కు క్రోమియం పూత వచ్చింది, సామగ్రి వచ్చింది, శిక్షణ వచ్చింది. 1968లో ప్రసిద్ధ కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్ బొమ్మలతో ఎం16 సంరక్షణ మీద చిన్న పుస్తకం వేసి సైనికులకు పంచారు.

ఈ కథలో తప్పు సైనికుడి బద్ధకానిది కాదు. రసాయనం మారింది, ఉక్కుకు రక్షణ లేదు, చేతికి పనిముట్టు ఇవ్వలేదు. ఏ రైఫిల్ సంరక్షణలోనైనా ఈ మూడూ కలిసే నడుస్తాయి.

విప్పి తుడవడం: ఎస్ఎల్ఆర్ ఉదాహరణగా

తెలుగు రాష్ట్రాల్లో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో ఎక్కువమందికి పరిచయం పోలీసు, సైనిక ఉద్యోగాల వల్లే. 1959 ఆయుధాల చట్టం, దాని నియమాల కింద .303, 7.62 మి.మీ. రైఫిళ్లు నిషేధిత బోర్‌లోకి వస్తాయి. సాధారణ లైసెన్సుపై ఎస్ఎల్ఆర్ దొరకదు. జిల్లా సాయుధ రిజర్వు కానిస్టేబుళ్లు మాత్రం దాన్ని బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) నుంచి తీసుకుని, డ్యూటీ దిగాక తుడిచి అప్పగించడం తరాలుగా చేస్తున్నారు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైన ఈ 1ఎ1 రైఫిల్‌కు మూలం బెల్జియం ఎఫ్ఎన్ ఎఫ్ఏఎల్. దాని రూపశిల్పి డ్యూడొనె సేవ్. బెల్జియం తుపాకి ఒత్తిపట్టి కాల్చడానికీ వీలిచ్చేది. మనది ఒక్కొక్క గుండే పేలుస్తుంది. మ్యాగజైన్‌లో 20 తూటాలు పడతాయి.

విప్పడం తేలిక. ఖాళీ చేశాక వెనక ఉన్న లివర్‌తో బాడీని కీలు దగ్గర మడిస్తే డబుల్ బ్యారెల్ తుపాకిలా తెరుచుకుంటుంది. బ్రీచ్ బ్లాక్ క్యారియర్‌ను తోక పట్టి వెనక్కి లాగితే వచ్చేస్తుంది, పైమూత జారుతుంది. ముందువైపు గ్యాస్ ప్లగ్ తిప్పి తీస్తే పిస్టన్, దాని స్ప్రింగ్ బయటికి వస్తాయి. కొత్తవారు ఇక్కడితో ఆగాలి. ట్రిగ్గర్ యంత్రాన్ని విప్పే పని ఆర్మరర్‌ది, అంటే ఆయుధాల మరమ్మతు నిపుణుడిది. దాన్ని మసి తగలని బ్రష్‌తో దులిపి, ఒక్క చుక్క నూనె వేస్తే సరిపోతుంది.

బ్యారెల్‌ను ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకే శుభ్రం చేయాలి. బుల్లెట్ వెళ్లే దారి అదే. మురికి యంత్రంలోకి కాకుండా బయటికి పోతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం మూతి అంచు. బుల్లెట్ చివరిగా తాకి వదిలే చోటు అది. రాడ్ అక్కడ ఏళ్ల తరబడి ఒక పక్కనే రాసుకుంటే అంచు అరిగిపోయి, గుండు కాస్త పక్కకు వాలుతుంది. బావి ఒరను మోకు కోసినట్టు పుల్‌త్రూ తాడు కూడా మూతిని కోస్తుంది, ఒక పక్కకు వంచి లాగుతూ ఉంటే. తాడును బ్యారెల్‌కు తిన్నగా లాగాలి. ముక్కలుగా బిగించే ఉక్కు రాడ్ కంటే పూత వేసిన ఒకే ముక్క రాడ్ మేలు. గారండ్‌ను మూతి వైపు నుంచే చేయక తప్పదు గనుక మూతికి తొడిగే గైడ్ వాడాలి.

ద్రావకంలో తడిపిన గుడ్డ ఒకటి లాగి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ ఆగడమే పని. మసిని వదిలించేది చేతి బలం కంటే ద్రావకం. ఆ తరువాత బ్రష్‌ను చివరిదాకా తోసి మూతి దాటించాకే వెనక్కి తీయాలి, మధ్యలో దిశ మారిస్తే పీచులు వంగిపోతాయి. పొడి గుడ్డలు ఒకదాని తరువాత ఒకటి లాగుతూ, అవి దాదాపు తెల్లగా వచ్చేవరకు చేస్తే చాలు. ముత్యంలా తెల్లగా రావాలన్న పట్టుదలతో చేసే అరగంట అదనపు తోమడం బ్యారెల్‌ను అరగదీస్తుంది తప్ప మెరుగుపరచదు. ఛాంబర్‌కు దానికి తగ్గ వెడల్పు బ్రష్ విడిగా ఉంటుంది. కేసు ఇరుక్కునే బాధలకు మూలం తరచుగా ఛాంబరే కనుక అక్కడ తొందరపడకూడదు.

బోల్ట్ ముఖం మీద ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద ఇత్తడి రజను చేరుతుంది. పాత టూత్ బ్రష్ దానికి చక్కగా సరిపోతుంది. ఏఆర్-15 అయితే బోల్ట్ తోక మీద గట్టిపడిన మసిని తీయాలి, మూడు గ్యాస్ రింగులు చూడాలి. బోల్ట్‌ను ముందుకు లాగి క్యారియర్‌ను బోల్ట్ తల మీద నిలబెడితే, రింగులు బాగున్నంత కాలం తన బరువుకు అది కుంగదు. కుంగితే రింగులు మార్చే వేళయింది. ఆ రైఫిల్ సన్నని గ్యాస్ గొట్టంలో పుల్లలు, తీగలు దూర్చే అలవాటు మంచిది కాదు. దాన్ని వాయువే ఊడ్చుకుంటుంది. లోపల విరిగిన పుల్ల ముక్కను ఎవరూ ఊడ్చలేరు.

ఇలా తుడుస్తున్నప్పుడే కళ్లు పని చేయాలి. బోల్ట్ పళ్ల దగ్గర సన్నని పగులు, కుంగిన స్ప్రింగ్, మొన విరిగిన ఎక్స్‌ట్రాక్టర్, బ్యారెల్‌లో చిన్న ఉబ్బు ఈ సమయంలోనే బయటపడతాయి. మురికి తీయడం కంటే ఈ చూపు విలువైనదని నా అభిప్రాయం. గుడ్డతో వచ్చే ప్రయోజనంలో సగం చేతులు ప్రతి భాగాన్నీ తాకడంలోనే ఉంది.

నూనె: ఎక్కడ, ఎంత

ఉక్కు ఉక్కు మీద జారే చోట నూనె కావాలి. బోల్ట్ క్యారియర్ నడిచే పట్టాలు, లాక్ అయ్యే పళ్లు, స్ప్రింగులు అలాంటివి. పొరగా ఉంటే చాలు. వేలితో ముడితే తడి తెలియాలి, కారకూడదు. గారండ్ విషయంలో వానకు నూనె కడుక్కుపోతోందని తేలడంతో రుద్దుకునే చోట్ల గ్రీజు వాడారు. ఇప్పటికీ ఆ రైఫిల్ పాతకాపులు గ్రీజే రాస్తారు.

నూనె ఉండకూడని చోట్లు మూడు. ఎస్ఎల్ఆర్, గారండ్, ఎస్‌కేఎస్ వంటి వాటిలో పిస్టన్, గ్యాస్ సిలిండర్ పొడిగా ఉండాలి. అక్కడి వేడికి నూనె మాడి గట్టి పెచ్చుగా మారుతుంది. అదే ఏఆర్-15 బోల్ట్ క్యారియర్ మాత్రం కాస్త తడిగా ఉంటేనే బాగా నడుస్తుంది. ఒక రైఫిల్ దగ్గర నేర్చుకున్న అలవాటును మరో రైఫిల్‌కు కళ్లు మూసుకుని వర్తింపజేయకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు. రెండోది మ్యాగజైన్ లోపలి భాగం. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, ప్రైమర్‌లోకి దిగి తూటాను పనికిరాకుండా చేయగలదు. మూడోది కాల్చబోయే ముందు ఛాంబర్, బ్యారెల్. దాచేటప్పుడు రాసిన నూనెను కాల్చే ముందు పొడి గుడ్డతో తీసేయాలి. పేలినప్పుడు కేసు గోడలు ఛాంబర్‌ను పట్టుకుని ఒత్తిడిలో కొంత భరిస్తాయి. ఛాంబర్ జిడ్డుగా ఉంటే పట్టు జారి ఆ భారమంతా బోల్ట్ మీద పడుతుంది. బ్యారెల్‌లో మరిచిపోయిన గుడ్డ ముక్క అయితే బ్యారెల్‌నే చీల్చగలదు.

ఇసుక నేలల్లో నూనె ఇంకా తగ్గించాలి. ఎడారి అనుభవంతో బ్రిటిష్ ఎస్ఎల్ఆర్ బోల్ట్ క్యారియర్ మీద ఇసుక జారిపోవడానికి గాళ్లు కోశారు. నూనె చిత్తడిగా ఉంటే ఆ గాళ్లూ నిండిపోతాయి.

వంటింటి నూనెలు వద్దు. కొబ్బరి నూనె 24 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే పేరుకుంటుంది, తక్కినవి గాలికి బంకగా మారతాయి. అవిసె నూనెకు మాత్రం ఒక చోటుంది: చెక్క బట్. పలచగా రుద్దితే చెక్క తేమను పీల్చదు. రుద్దిన గుడ్డను ముద్దచేసి మూలన పడేయకూడదు, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. పరిచి ఆరబెట్టాలి.

ద్రావకాల్లో 1903లో అమెరికాలో ఫ్రాంక్ హాప్ తయారు చేసిన నంబర్ 9 నేటికీ వాడుకలో ఉంది. తుడవడం, నూనె రాయడం, తుప్పు ఆపడం మూడూ చేస్తామనే సీసాలు ఇప్పుడు విరివిగా దొరుకుతాయి. కొత్తవారికి అవి చాలు. పెట్రోలు వాడకూడదు, దాని ఆవిరికి ఒక నిప్పురవ్వ చాలు. కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని పని చేయాలి. మసిలో, ప్రైమర్ అవశేషాల్లో సీసం ఉంటుంది కనుక పని జరుగుతుండగా టీ తాగడం, తినడం ఆపాలి. తరువాత చల్లని నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అన్నం తినే బల్ల మీద, పిల్లలు ఆడే చోట ఈ పని పెట్టుకోకూడదు.

బిగించాక పరీక్ష

భాగాలన్నీ బిగించినంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఎస్ఎల్ఆర్ గ్యాస్ ప్లగ్‌ను గ్రెనేడ్ పేల్చేటప్పుడు వాడే స్థానంలో పెట్టి బిగిస్తే వాయువు పిస్టన్‌కు చేరదు. ప్రతి గుండుకూ చేత్తో లాగాల్సి వస్తుంది, రైఫిల్ పాడైందని కంగారు పడతారు. ప్లగ్ సరిగ్గా కూర్చున్నాకే మడత మూయాలి. ఆ తరువాత రెగ్యులేటర్ సంగతి: దాన్ని బిగించేకొద్దీ పిస్టన్‌కు ఎక్కువ వాయువు అందుతుంది. బాగా మురికైన రైఫిల్ నడవకపోతే ఒకటి రెండు మెట్లు బిగించడం తాత్కాలిక ఉపాయమే. శుభ్రం చేశాక మళ్లీ పాత స్థానానికి తేవాలి, లేకపోతే యంత్రం అవసరానికి మించి గట్టిగా కొట్టుకుంటుంది.

ఏఆర్-15 వంటి రైఫిల్‌కు పరీక్ష ఇలా ఉంటుంది. మ్యాగజైన్ లేకుండా, ఛాంబర్ ఖాళీ అని మరోసారి చూసుకుని, మూతి సురక్షితమైన వైపు పెట్టి బోల్ట్ లాగి వదలాలి. సేఫ్టీ పెట్టి ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడకూడదు. సేఫ్టీ తీసి నొక్కితే టక్కున పడాలి. ట్రిగ్గర్‌ను నొక్కే ఉంచి మళ్లీ బోల్ట్ లాగి వదలాలి, హ్యామర్ పడకూడదు. ఇప్పుడు వేలు మెల్లగా సడలిస్తే చిన్న టిక్కు వినపడాలి, మళ్లీ నొక్కితే హ్యామర్ పడాలి. వీటిలో ఏది తప్పినా ఆ రైఫిల్‌లో తూటా పెట్టకూడదు.

దాచడం

ఆంధ్ర తీరంలో, ముఖ్యంగా విశాఖ వంటి చోట్ల, ఉప్పుగాలికి తుప్పు త్వరగా వస్తుంది. వానాకాలంలో రైఫిల్ కాల్చకపోయినా మధ్యమధ్య తీసి తుడవాలి. చేతి చెమటలోనూ ఉప్పు ఉంది, వేలిముద్ర పడిన చోటే మొదటి ఎర్రమచ్చ కనిపిస్తుంది. తుడిచాక చివరిగా నూనె గుడ్డతో పైన ఒకసారి రాసి, ఆ తరువాత ఉక్కును ముట్టకుండా పెట్టెలో పెట్టాలి. తోలు ఒరలో నెలల తరబడి ఉంచకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. బ్యారెల్ మూతిలో గుడ్డ కుక్కి దాచే పాత అలవాటు రెండు విధాల ప్రమాదం: లోపల తేమ బందీ అవుతుంది, ఎవరో మరిచిపోయి కాల్చేస్తారు. సిలికా జెల్ సంచులు వేసిన, తాళం ఉన్న ఉక్కు పెట్టె సరైన చోటు. తూటాలకు వేరే తాళం ఉండాలి.

దశాబ్దాలు నిల్వ ఉంచే సైనిక రైఫిళ్లకు కాస్మోలిన్ అనే గోధుమరంగు చిక్కని గ్రీజు పూస్తారు. ఉక్కును అది అద్భుతంగా కాపాడుతుంది, కానీ కొన్నవారు దాన్ని పూర్తిగా తీయకుండా కాలిస్తే ప్రమాదం. ఎస్‌కేఎస్‌లో చాలావాటికి ఫైరింగ్ పిన్‌ను వెనక పట్టే స్ప్రింగ్ ఉండదు. పిన్ తన గూట్లో స్వేచ్ఛగా కదలాలి. గట్టిపడిన గ్రీజు దాన్ని ముందుకు పొడుచుకుని ఉన్న స్థితిలో నిలిపేస్తే, బోల్ట్ మూసుకున్న క్షణాన, ట్రిగ్గర్ మీద వేలు లేకున్నా, తూటా పేలుతుంది. ఒక్కోసారి వరసగా మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలుతుంది. కనుక కాస్మోలిన్ రైఫిల్‌ను మొదటిసారి వాడే ముందు బోల్ట్‌ను విప్పి, వేడి నీళ్లలో, ద్రావకంలో నానబెట్టి, పిన్ గూటిని సన్నని బ్రష్‌తో తోమాలి. ఆ తరువాత బోల్ట్‌ను చెవి దగ్గర ఊపితే పిన్ లోపల గలగలమని కదలడం వినిపించాలి. వినిపించకపోతే మళ్లీ కడగాలి. విప్పడం చేతకాకపోతే ఆర్మరర్‌కు ఇవ్వాలి. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం) కొలవడం, పగిలిన బోల్ట్ మార్చడం, ట్రిగ్గర్ బరువు సరిచేయడం కూడా ఆయన పనులే.